వైకింగ్ ఓడల నకళ్లు: తేలినంత మాత్రాన రుజువైనట్టేనా?

పాతకాలపు ఓడను మళ్లీ కట్టి సముద్రంలోకి దింపిన ప్రతిసారీ ఒకే తగవు మొదలవుతుంది. భారత నౌకాదళం 2025 మే నెలలో కార్వార్‌లో చేర్చుకున్న ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్యకూ అది తప్పదు. మేకు కొట్టకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన ఆ ఓడకు అజంతా గుహలోని ఒక చిత్రం ఆధారం. అది పోర్‌బందర్ నుంచి మస్కట్‌కు వెళ్లినంత మాత్రాన, మన పూర్వీకులు ఇలాగే వెళ్లారని తేలిపోయినట్టా? లేక బొమ్మ చూసి కట్టినదానితో తేలేదేమీ లేదా?

ఈ ప్రశ్న మీద అందరికంటే ఎక్కువ కాలం, ఎక్కువ డబ్బు, ఎక్కువ ఓక్ చెట్లు ఖర్చు పెట్టినవాళ్లు స్కాండినేవియా వాళ్లు. 1893 నుంచి వాళ్లు వైకింగ్ ఓడలకు, అంటే సుమారు వెయ్యేళ్ల కిందటి తమ పూర్వీకుల ఓడలకు, నకళ్లు కడుతూనే ఉన్నారు. కొన్ని అట్లాంటిక్ దాటాయి, కొన్ని రేవు దాటకుండానే మునిగాయి. రెండు రకాల నుంచీ నేర్చుకున్నది చాలానే ఉంది.

నకలు అంటే దేనికి నకలు?

వైకింగ్ ఓడల గురించి మనకు తెలిసిన వివరాల్లో చాలా భాగం కొద్దిపాటి తవ్వకాల నుంచి వచ్చింది. నార్వేలో గోక్‌స్టాడ్ ఓడ 1880లో, ఓసెబెర్గ్ ఓడ 1904లో బయటపడ్డాయి. రెండూ సమాధి దిబ్బల్లో, బంకమట్టి కింద ఉండటం వల్ల కర్ర చాలావరకు నిలిచింది. డెన్మార్క్‌లో కథ వేరు. 1070 ప్రాంతంలో శత్రు నౌకలు రాకుండా రోస్కిల్డే ఫ్యోర్డ్ అనే సన్నటి సముద్రపు పాయలో కాలవకు అడ్డంగా పాత ఓడలను రాళ్లు నింపి ముంచేశారు. 1962లో ఆ చోటు చుట్టూ ఉక్కు పలకలతో గోడ కట్టి, నీళ్లు తోడేసి, నాలుగు నెలల్లో అయిదు ఓడల శకలాలు పైకి తీశారు. పక్కనున్న ఊరి పేరుతో వాటిని స్కుల్డెలేవ్ ఓడలు అంటారు.

ఎంత మిగిలింది అన్నదే ఇక్కడ కీలకం. స్కుల్డెలేవ్ 3 అనే చిన్న సరుకు పడవలో దాదాపు 75 శాతం దొరికింది. స్కుల్డెలేవ్ 1 అనే పెద్ద సరుకు ఓడలో 60 శాతం. అన్నింటికంటే పేరుమోసిన యుద్ధనౌక స్కుల్డెలేవ్ 2లో పాతిక శాతమే. ఆ పాతిక శాతం ముక్కల ఆధారంగానే ‘సీ స్టాలియన్’ అనే 30 మీటర్ల నకలును రోస్కిల్డే వైకింగ్ షిప్ మ్యూజియం 2000 నుంచి 2004 దాకా కట్టింది.

పాతిక శాతం నుంచి మొత్తం ఓడ ఎలా వస్తుంది? ఓడ ఎడమ, కుడి ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక వైపు పలక దొరికితే రెండో వైపుది దొరికినట్టే. పలక అంచున ఉన్న మేకు రంధ్రాలు పక్క పలక ఎక్కడ, ఎంత వాలుగా కూర్చుందో చెబుతాయి. వయసు వలయాల లెక్కతో ఆ ఓక్ చెట్లను 1042లో డబ్లిన్ ప్రాంతంలో నరికారని కూడా తేలింది. అంటే డెన్మార్క్‌లో దొరికిన ఓడ ఐర్లండ్‌లో పుట్టింది. కాబట్టి కింది భాగం మీద నమ్మకం గట్టిదే. తెరచాప కొయ్య ఎత్తు, తెరచాప కొలత, పై అంచు పలకల ఎత్తు దగ్గరికి వచ్చేసరికి అది పలచబడుతుంది. స్కుల్డెలేవ్ ఓడల్లో ఒక్కదాని తెరచాప కూడా దొరకలేదు. సీ స్టాలియన్‌కు కట్టిన 112 చదరపు మీటర్ల చాప ఇతర ఆధారాల నుంచి కట్టిన లెక్క.

ఇంకో కొసన డ్రాకెన్ హారాల్డ్ హార్‌ఫాగ్రే ఉంది. నార్వేలోని హౌగెసుండ్‌లో 2010లో మొదలై 2012లో నీళ్లలోకి దిగిన ఈ 35 మీటర్ల ఓడ ఏ ఒక్క తవ్వకానికీ నకలు కాదు. సాగాలనే పాత నార్స్ కథల్లోని వర్ణనలు, గోక్‌స్టాడ్ లాంటి ఓడల పోలికలు, నార్వే పడవ కట్టేవాళ్ల చేతి అనుభవం కలిపి కట్టినది. కౌండిన్య దీనికి దగ్గర చుట్టం. ఆ మాటకొస్తే శాతవాహనుల నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. రేపు ఎవరైనా దాన్ని కడతామంటే గోరంత బొమ్మ నుంచి పలకల మందం తేల్చుకోవాల్సి వస్తుంది.

దుంగ నుంచి పలక దాకా: రంపం లేని పని

వైకింగ్ ఓడ పలకల మీద కనిపించేవి గొడ్డలి గాట్లు, రంపం గీతలు కావు. ఓక్ దుంగకు ఇనుప సీలలు, చెక్క సీలలు దిగ్గొట్టి రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా, పదహారుగా పుచ్చకాయ ముక్కల్లా చీలుస్తారు. ప్రతి చీలికను గొడ్డలితో చెక్కితే ఒక పలక వస్తుంది. చెట్టు కొట్టాక ఆరబెట్టరు. పచ్చి ఓక్ చీలినట్టు, చెక్కినట్టు ఎండిన ఓక్ లొంగదు.

ఒక లెక్క వేసి చూద్దాం. దుంగ అడ్డకొలత 1 మీటరు అనుకుందాం. నడిమి నుంచి బెరడు దాకా 50 సెంటీమీటర్లు. నడిబొడ్డు పది, త్వరగా కుళ్లే బయటి తెల్ల కర్ర, బెరడు కలిపి మరో పది తీసేస్తే మిగిలే పలక వెడల్పు 30 సెంటీమీటర్లు. పదహారుగా చీలిస్తే ప్రతి చీలిక బయటి అంచు మందం 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. కావాల్సిన మందమేమో 3 సెంటీమీటర్ల లోపు. మిగతాదంతా పేళ్లే. దుంగ మెలితిరిగి ఉంటే చీలిక కూడా మెలితిరుగుతుంది, అప్పుడు ఆ పలక పొయ్యిలోకే. అందుకే నిటారుగా, కొమ్మలు లేకుండా పెరిగిన లావాటి ఓక్ కోసం అడవులు గాలించాలి. సీ స్టాలియన్‌కు సుమారు 300 ఓక్ చెట్లు, 7,000 ఇనుప మేకులు, రివెట్లు, 600 లీటర్ల తారు, 2,000 మీటర్ల తాడు పట్టాయి.

ఇంత వృథా ఎందుకు? రంపంతో కోస్తే కర్ర పోగులు మధ్యలో తెగుతాయి. చీలిస్తే పోగు పోగంతా పలక పొడవునా సాగుతుంది. అలాంటి పలక పలచగా ఉన్నా గట్టిగా ఉంటుంది, వంచితే వంగుతుంది, ఆరినప్పుడు తక్కువ ముడుచుకుంటుంది. గోక్‌స్టాడ్ ఓడ నీటి మట్టం కింది పలకల మందం 2.6 సెంటీమీటర్లు. రంపపు చెక్కతో, కరెంటు పరికరాలతో కట్టిన నకలు అదే బలం కోసం పలక మందం పెంచాలి. మందం పెరిగితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే ఓడ లోతుకు కూర్చుంటుంది, వంగడం తగ్గుతుంది. పరికరం మారితే ఓడే మారిపోతుందన్నమాట.

ముందు గోడ, తర్వాత పక్కటెముకలు

యూరప్ తర్వాతి కాలపు ఓడలకు ముందు అస్థిపంజరం నిలబెట్టి దాని మీద పలకలు కొట్టేవారు. వైకింగ్ పద్ధతి తలకిందులు. అడుగున కీల్ అనే పొడవాటి దూలం పరిచి, రెండు కొసలా వంపు కొయ్యలు నిలిపి, కింది నుంచి పైకి ఒక్కో పలక వరస కడతారు. పై పలక కింది పలక అంచు మీదికి కొంచెం ఎక్కి కూర్చుంటుంది. ఆ అతుకులో తారులో ముంచిన ఉన్ని దారం పరుస్తారు. జానెడు దూరానికో రంధ్రం వేసి, బయటి నుంచి మేకు దించి, లోపల చిన్న ఇనుప బిళ్ల తొడిగి, మిగిలిన మొన కత్తిరించి, సుత్తితో కొట్టి తల చదును చేస్తారు. దీన్నే క్లింకర్ పద్ధతి అంటారు. నార్డిక్ దేశాల క్లింకర్ పడవల సంప్రదాయాన్ని 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

వినడానికి తేలికే. చెడిపోయేది ఈ రివెట్ దగ్గరే. బిళ్ల మీద దెబ్బ ఎక్కువైతే పలక పోగు వెంట చీలుతుంది. తక్కువైతే అలల్లో అతుకు ఆడి ఉన్ని జారిపోతుంది. రంధ్రం వదులైతే అక్కడే ఊట. ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుమును తినేస్తుంది, మేకు చుట్టూ కర్ర నల్లబడుతుంది. ఎండాకాలంలో ఒడ్డున ఉంచిన ఓడ పలకలు ముడుచుకుని అతుకులు నోళ్లు తెరుస్తాయి. నీళ్లలోకి దించాక కర్ర ఉబ్బి అతుకులు మూసుకునే దాకా తోడుతూ కూర్చోవాల్సిందే.

పలకల గోడ కొంత లేచాక లోపల పక్కటెముకలు పెడతారు. వంపు కోసం వంగిన కొమ్మలే వెతుకుతారు, నిటారు కర్రను కోసి వంపు తేరు. గోక్‌స్టాడ్, ఓసెబెర్గ్ ఓడల్లో ఒక విశేషం ఉంది: పలక చెక్కేటప్పుడే లోపలి వైపు చిన్న దిమ్మలు వదిలి, వాటికి పక్కటెముకలను కట్లతో కట్టారు. గోక్‌స్టాడ్‌లో చెట్టు వేళ్లు, ఓసెబెర్గ్‌లో తిమింగలపు నోటిలోని సాగే పట్టీలు. మేకు కొట్టకుండా కట్టినందుకు ఓడ అల మీద మెలికలు తిరుగుతుంది. ఇది ఊహ కాదు, కళ్లారా చూసినది. గోక్‌స్టాడ్‌కు నకలుగా కట్టిన ‘వైకింగ్’ను కెప్టెన్ మాగ్నస్ ఆండర్సన్ 1893 ఏప్రిల్ 30న బెర్గెన్ నుంచి బయల్దేరదీసి మే 27న న్యూఫౌండ్‌లాండ్ చేర్చాడు. దారిలో పై అంచు 15 సెంటీమీటర్ల దాకా మెలితిరిగినా నీరు చొరబడలేదని ఆయన రాశాడు. ఆ ఓడ షికాగో ప్రపంచ ప్రదర్శన దాకా వెళ్లింది.

అయితే ఆయన అసలు ఓడకు ఆధారాల్లో లేని అదనపు చాపలు కూడా కట్టాడు. కాబట్టి అప్పుడప్పుడు 11 నాట్లు (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) అందుకున్నామన్న మాటను గోక్‌స్టాడ్ ఓడ ఖాతాలో పూర్తిగా రాయలేం. మెలిక తిరగడం మాత్రం పొట్టుకు, అంటే ఓడ ఒడలికి, సంబంధించినది కాబట్టి, ఆ పరిశీలన నిలిచింది. ఒకే ప్రయాణం నుంచి ఒక సాక్ష్యం తీసుకుని ఇంకోటి పక్కన పెట్టడం ఈ రంగంలో మామూలే.

తెరచాపే అసలు ఖర్చు

పొట్టు చూసి నోరెళ్లబెడతాం గానీ ఎక్కువ మనిషి గంటలు మింగేది తెరచాపే కావచ్చు. వైకింగ్ చాప ఉన్ని బట్ట. పొడవాటి వెంట్రుక ఉన్న పాత జాతి గొర్రెల ఉన్ని దానికి వాడేవారు.

సెంటీమీటరుకు నిలువు పోగులు పది, అడ్డం పోగులు అయిదు అనుకుందాం. ఒక చదరపు మీటరుకు 1,000 నిలువు, 500 అడ్డం, మొత్తం 1,500 మీటర్ల దారం. 100 చదరపు మీటర్ల చాపకు 150 కిలోమీటర్లు. చేతి కదురుతో గంటకు 40 మీటర్లు వడికితే, వడకడానికే 3,750 గంటలు. రోజుకు పది గంటలు కూర్చున్నా ఒక మనిషికి ఏడాదికి పైనే. ఉన్ని తీయడం, దువ్వడం, నేయడం, కుట్టడం ఇంకా మొదలే కాలేదు.

నేసిన బట్ట అలాగే కడితే గాలి పోగుల సందుల్లోంచి దూసుకుపోతుంది. అందుకే కొవ్వు, తారు, జేగురు మన్ను కలిపి పూస్తారు. తక్కువ పూస్తే గాలి కారుతుంది, ఎక్కువైతే చాప బరువెక్కి చలికి బిగుసుకుపోతుంది. రోస్కిల్డేలో స్కుల్డెలేవ్ 1 నకలైన ‘ఒట్టార్’ 90 చదరపు మీటర్ల ఉన్ని చాపతో నడిచింది. డ్రాకెన్ 260 చదరపు మీటర్ల పట్టు చాప ఎత్తింది. పట్టు బట్ట తేలిక, గాలిని బాగా పట్టుకుంటుంది. ఉన్ని చాప ప్రవర్తన గురించి మాత్రం దాన్నుంచి తెలిసేది తక్కువ.

వేగం, ఎదురుగాలి: రెండు చిన్న లెక్కలు

నీటిని తోసుకుంటూ వెళ్లే ఓడకు తన అలే అడ్డం. స్థూలంగా నీటి మట్టం దగ్గర పొడవు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2.43తో హెచ్చిస్తే నాట్లలో ఆ హద్దు వస్తుంది. 28 మీటర్లకు 12.9 నాట్లు, 13 మీటర్లకు 8.8 నాట్లు. సన్నగా, తేలిగ్గా ఉన్న ఓడ గాలివాటం దొరికితే ఈ హద్దును కొంత దాటగలదు. 30 మీటర్ల పొడవుకు 3.8 మీటర్ల వెడల్పే ఉన్న సీ స్టాలియన్ అలాంటిదే. కానీ పత్రికల్లో వచ్చే గరిష్ఠ వేగం కొన్ని నిమిషాల సంగతి, రోజంతా సాగే సగటు కాదు.

ఎదురుగాలిలో చదరపు చాప పనికిరాదనే మాట తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. స్కుల్డెలేవ్ 3 నకలైన ‘రోర్ ఎగె’ పక్కకు కొట్టుకుపోవడాన్ని కలుపుకున్నా గాలికి సుమారు 60 డిగ్రీల కోణంలో ముందుకెళ్లగలిగింది. మరి అది ఎంత లాభం? గమ్యం 20 నాటికల్ మైళ్ల దూరంలో, గాలి వచ్చే దిక్కునే ఉందనుకుందాం. 60 డిగ్రీల్లో అటూ ఇటూ మలుపులు తిరుగుతూ వెళ్తే 40 మైళ్లు నడవాలి. 5 నాట్ల వేగంతో 8 గంటలు. అలలు పెరిగి కోణం 70 డిగ్రీలకు జారితే దూరం 58 మైళ్లకు పైబడుతుంది, వేగమూ పడిపోతుంది. అంటే వెళ్లడం సాధ్యమే, కానీ గాలి మారేదాకా రేవులో పడుకోవడమే తెలివైన పని.

ఎక్కడ బెడిసికొడుతుంది

చుక్కాని వెనక కొసన కాదు, కుడి పక్కన వేలాడుతుంది. పొట్టు బయట ఒక దిమ్మ, దాని గుండా సాగే కట్టు, పై అంచు దగ్గర ఒక పట్టీ, అంతే ఆధారం. పెద్ద అల వెనక నుంచి తంతే బరువంతా ఆ కట్టు మీదే. అది తెగితే అరవై మంది ఉన్నా ఓడ చెప్పుచేతల్లో ఉండదు.

సీ స్టాలియన్ 2007 జులై 1న రోస్కిల్డే నుంచి బయల్దేరి నార్వే, ఆర్క్‌నీ, స్కాట్లండ్ పడమటి తీరం మీదుగా ఆగస్టు 14న డబ్లిన్ చేరింది. ఇంజన్ లేదు, వెంట ఒక సహాయ నౌక ఉంది. ఉత్తర సముద్రంలో అనుకూలమైన గాలి లేక కొంత దూరం ఆ నౌకే లాక్కెళ్లింది. తడి, చలికి ఒళ్లు చల్లబడిపోయిన కొందరిని దాని మీదికి మార్చాల్సి వచ్చింది. పైకప్పు లేని ఓడ అది. 30 మీటర్లను 3.8తో హెచ్చిస్తే 114 చదరపు మీటర్లు, రెండు కొసలూ సన్నబడతాయి కాబట్టి అసలు చోటు ఇంకా తక్కువ. అరవై పైచిలుకు మందికి పంచితే తలా రెండు చదరపు మీటర్లు కూడా రావు. పడుకోవడం, తినడం, తెడ్డు వేయడం అందులోనే. 2008లో అది ఇంగ్లండ్ దక్షిణ తీరం చుట్టూ తిరిగి ఇల్లు చేరింది.

డ్రాకెన్ 2014లో లివర్‌పూల్ వెళ్తుంటే షెట్లండ్ దగ్గర తెరచాప కొయ్య విరిగింది. దాన్ని మార్చుకుని 2016లో ఐస్‌లండ్, గ్రీన్‌లండ్ మీదుగా ఉత్తర అమెరికా చేరింది.

అన్నింటికంటే పనికొచ్చిన వైఫల్యం ఓసెబెర్గ్‌ది. 820 ప్రాంతంలో కట్టిన ఆ ఓడకు 1987లో నకలు చేశారు. 1988లో చాప ఎత్తి పరీక్షిస్తుంటే ముందు భాగం మీదుగా నీళ్లు ఎక్కి క్షణాల్లో మునిగింది. అసలు ఓడ ఊరేగింపు పడవే తప్ప సముద్రానికి పనికిరాదన్న పాత అభిప్రాయానికి అది బలమిచ్చింది. అయితే కొందరు వేరే ప్రశ్న వేశారు: మ్యూజియంలో ఉన్నది అసలు ఆకారమేనా? 1904లో ఆ ఓడ మట్టి బరువుకు నలిగి, వేల ముక్కలుగా దొరికింది. వాటిని వంచి, అతికి నిలబెట్టారు. 1987 నకలు ఆ నిలబెట్టిన ఆకారానికి నకలు. ముక్కలను మళ్లీ కొలిచి, చిన్న నమూనాలను నీటి తొట్టెలో లాగి చూస్తే, ముందు భాగం అడుగు ఆకారం తప్పుగా కూర్చబడిందని తేలింది. సరిచేసిన కొలతలతో కట్టిన ‘సాగా ఓసెబెర్గ్’ 2012లో టోన్స్‌బెర్గ్‌లో నీళ్లలోకి దిగి, చాపతో చక్కగా నడిచింది.

నిపుణుల తగవు ఎక్కడుంది

బ్రిటన్‌కు చెందిన ఓడల పురాతత్వవేత్త షాన్ మెక్‌గ్రెయిల్ లాంటివాళ్ల పట్టు ఇది: మిగిలిన ముక్కల నుంచి ఒకే ఓడ కాదు, పలు ఓడలు కట్టొచ్చు. ఒకదాన్ని ఎంచుకుని కోట్లు పెట్టి కట్టాక, అది తేలింది కాబట్టి అదే నిజం అనే భ్రమ పుడుతుంది. కాబట్టి ముందు కాగితం మీద అన్ని అవకాశాలూ చూపాలి, నడిపేటప్పుడు ప్రతిదీ కొలవాలి.

1962 తవ్వకాలు నడిపినవాళ్లలో ఒకరైన ఓలె క్రుమ్లిన్-పెడర్సన్, ఆయన రోస్కిల్డే బృందం దీన్ని కాదనలేదు గానీ మరో మాట జోడించారు. కట్టడమే ఒక పరిశోధన. గొడ్డలి గాటు ఏ కోణంలో పడింది, చెట్టులో ఏ భాగం నుంచి పలక తీశారు అన్నవి కాగితం మీద దొరకవు, చేత్తో చేస్తేనే తెలుస్తాయి.

డ్రాకెన్ లాంటి ఓడలు కట్టేవాళ్లది మూడో దారి: పోయింది ఓడ ఒక్కటే కాదు, దాన్ని నడిపే నేర్పు కూడా. అది సముద్రంలోనే దొరుకుతుంది. ఈ వాదనలో బలం ఉంది. కాకపోతే అక్కడ నేర్చుకున్న నేర్పు ఆ ఓడను నడిపే నేర్పు. అసలు ఓడ దానికి ఎంత దగ్గరో చెప్పే తవ్వకపు ముక్క లేదు.

ఓసెబెర్గ్ ఉదంతం చూస్తే మునిగిన ఓడ తేలిన ఓడ కంటే ఎక్కువ చెప్పిందనిపిస్తుంది. తేలినప్పుడు ఎవరూ మళ్లీ కొలవరు.

లైఫ్‌జాకెట్ వేసుకున్న వైకింగ్

నకలు ఎంత నిక్కచ్చిగా కట్టినా నడిపేది మన కాలపు చట్టాల కింద. రేడియో, లైఫ్‌జాకెట్లు, తెప్పలు తప్పవు. కొన్నింటికి ఇంజన్ కూడా ఉంటుంది. ఇంజన్ బరువు అడుగున చేరితే ఓడ ఊగే తీరు మారుతుంది. పైగా రాతి తీరం దగ్గరికి కొట్టుకుపోతుంటే ఇంజన్ ఉన్న నావికుడు తీసుకునే నిర్ణయం వేరు, లేని నావికుడిది వేరు. తేదీల ఒత్తిడి మరోటి. డబ్లిన్‌లో స్వాగతానికి రోజు ఖరారయ్యాక గాలి కోసం రెండు వారాలు ఆగే వీలుండదు, తాడు కట్టి లాగించుకోవాలి. డ్రాకెన్‌కు 2016లో ఎదురైన చిక్కు ఇంకా విచిత్రం: అమెరికా వైపు గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల్లో తిరగాలంటే ఓడకు దారి చూపే స్థానిక పైలట్‌ను పెట్టుకోవాలన్నారు. ఆ ఖర్చు 4 లక్షల డాలర్ల దాకా అవుతుందని నిర్వాహకుల అంచనా.

ఇక రోజువారీ వాడకంలో బయటపడేవి వేరే ఉన్నాయి. రోర్ ఎగె 1984 నుంచి మూడు దశాబ్దాలకు పైగా నీళ్లలో ఉంది. మేకులు ఎక్కడ తుప్పు పట్టాయి, పలక ఎక్కడ మెత్తబడింది, పొట్టు ఎంత కుంగింది అన్నవన్నీ అసలు ఓడ ఎన్నేళ్లు పని చేసి ఉంటుందో అంచనా వేయడానికి పనికొస్తాయి. 2016లో దాన్ని ఒడ్డుకు చేర్చి, అదే స్కుల్డెలేవ్ 3 ముక్కల నుంచి మ్యూజియం రెండోసారి కట్టింది. ‘ఎస్ట్రిడ్ బైర్డింగ్’ పేరుతో అది 2022లో నీళ్లలోకి దిగింది. ఆధారం ఒకటే, కట్టిన చేతులు వేరు. రెండు పొట్టులను పక్కపక్కన పెట్టి కొలిస్తే ఎంత తేడా వస్తుందో, ఒక్క నకలు చూసి చెప్పే ప్రతి కొలతలోనూ కనీసం అంత అనుమానం ఉంచుకోవాల్సి ఉంటుంది.